విరమణానంతరము భవిష్యనిధికి చందా కట్టవచ్చునా?



ఉద్యోగము విరమించి స్వగ్రామమునకు తిరిగి వచ్చిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "జీతము నిలిచిపోయినది, ఇకమీదట భవిష్యనిధికి చందా కట్టుటకు మాకు అర్హత ఉన్నదా?" అని. ఏ నిధియో ముందుగా తెలిసికొనిన గాని దీనికి సమాధానము చెప్పుటకు వీలులేదు.

జీతములో మినహాయించి జమకట్టు ఉద్యోగుల ప్రావిడెంటు ఫండునకు జీతమే ఆధారము. అది ఆగినచో చందాయు ఆగును. 1968లో ఏర్పడిన పబ్లిక్ ప్రావిడెంటు ఫండు అట్టిది కాదు. దానికి జీతముతో పనిలేదు, వయోపరిమితియు లేదు. దేశమున నివసించు భారతీయులెవరైనను పోస్టాఫీసులో గాని, బ్యాంకులో గాని తమ పేర ఒక ఖాతా తెరువవచ్చును. సంవత్సరమునకు కనీసము 500 రూపాయలు, గరిష్ఠము 1,50,000 రూపాయలు కట్టవచ్చును. పింఛనులో మిగిల్చినదైనను, ధాన్యమమ్మగా వచ్చినదైనను భేదము లేదు.

అసలు చిక్కు గడువు దగ్గర వచ్చును. ఖాతా తెరచిన ఆర్థిక సంవత్సరము ముగిసిన పిమ్మట 15 ఏండ్లకు గడువు తీరును. 2010 జూనులో తెరచిన ఖాతాకు 2026 మార్చి 31తో గడువు పూర్తియగును. అటుపిమ్మట కూడ చందా కట్టదలచినవారు ఒక సంవత్సరము లోపల ఫారము వ్రాసి ఈయవలెను. అప్పుడు 5 ఏండ్ల పొడిగింపు లభించును. ఫారము ఈయకున్నను నిలువయున్న సొమ్మునకు వడ్డీ వచ్చుచునే యుండును గాని, క్రొత్తగా కట్టు అర్హత పోవును. ఆ ఖాతాకు అది మరల రాదు. పాసుపుస్తకము పెట్టెలో భద్రముగా నున్నది గదా యని నిశ్చింతగా నుండువారికి ఈ యేడాది తెలియకయే గడచిపోవును.

ఇక అరువదవ యేట మొదటిసారిగా ఈ ఖాతా తెరువుమని నేను చెప్పజాలను. తెరచిన సంవత్సరము పోను 5 ఏండ్లు నిండిన గాని అందులోనుండి కొంత భాగమైనను తీసికొనుటకు వీలులేదు. ఇంట జబ్బుపడినవారున్నచో అంతకాలము ఆగుట ఎట్లు? విరమణ సమయమున చేతికందిన పెద్ద మొత్తమునకు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకము మేలు. 60 ఏండ్లు నిండినవారు 30 లక్షల వరకు దానిలో నుంచవచ్చును. వడ్డీ మూడు నెలల కొకసారి వచ్చును. 55 దాటి విరమించినవారు విరమణ సొమ్ము అందిన 3 నెలలలో చేరవలెను.

మీ గ్రామమున పాత ఖాతా గల విశ్రాంత ఉద్యోగులున్నచో పాసుపుస్తకము తెప్పించి, తెరచిన తేదీని వారితో కలిసి చూడుడు. పైన చెప్పిన ఖాతాదారుని ఫారము 2027 మార్చి 31 లోపల పోస్టాఫీసునకు చేరవలెను.