ఒకే పెట్టె, పది అభిప్రాయాలు

(ముంబయిలో జరిగిన మన తెలుగు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమ్మేళనాల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు తమకు ఇష్టమైన విషయం మీద మాట్లాడటం అలవాటు. పోయినసారి మిద్దెతోటల గురించి విన్నాం. ఈసారి నా వంతు వచ్చింది. బ్యాంకు పని కాకుండా నాకు కాస్తో కూస్తో తెలిసింది గిటార్ ఒక్కటే. దాని గురించి అంతా చెబితే భోజనాలు చల్లారిపోతాయి. అందుకని గిటార్‌కి, స్పీకర్‌కి మధ్యలో కాలి దగ్గర పెట్టుకుని నొక్కే ఒక చిన్న ఇనప పెట్టె గురించి మాత్రమే చెబుతాను. ఇలాంటి పెట్టెల్ని పెడల్ అంటారు. నేను చెప్పబోయే పెడల్ పేరు ఎలక్ట్రిక్ మిస్ట్రెస్. అది ఫ్లాంజర్ అనే రకానికి చెందినది. అమెరికాలో న్యూయార్క్‌కి చెందిన ఎలక్ట్రో హార్మోనిక్స్ అనే కంపెనీ 1976లో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

అప్పటినుంచీ గిటార్ వాయించేవాళ్లు దాని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. ఒకరు అంతకు మించిన ఫ్లాంజర్ లేదంటారు. మరొకరు అందులో రొద తప్ప ఏముందంటారు. ఇద్దరూ మంచి చెవులున్నవాళ్లే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మరి ఎవరి మాట నమ్మి డబ్బు పెట్టాలి? ఈ ప్రశ్న పోయిన ఏడాది మా కుటుంబంలోకే వచ్చింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు ఆ పెట్టె చేసే పనేమిటో తెలియాలి. దానికి గిటార్ అక్కర్లేదు, ఒక స్టీలు కంచం చాలు. నోటితో 'ష్...' అని ఆపకుండా అంటూ కంచాన్ని మొహం ముందుకు తెచ్చి, మెల్లగా దూరం జరపండి. మళ్లీ దగ్గరకు తీసుకురండి. మీరు అదే 'ష్' అంటున్నా, కంచం దగ్గరవుతుంటే శబ్దం పైకి పాకుతున్నట్టు, దూరమవుతుంటే కిందికి జారుతున్నట్టు వినిపిస్తుంది.

కారణం చిన్నది. నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం ఒకటి, కంచానికి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చేది ఇంకొకటి. కంచం 17 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. శబ్దం పోయి రావడానికి 34 సెంటీమీటర్లు, అంటే సుమారు సెకనులో వెయ్యో వంతు ఆలస్యం. ఆ ఆలస్యంతో రెండూ కలిసినప్పుడు, సెకనుకు 500 సార్లు, 1,500 సార్లు, 2,500 సార్లు కంపించే ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1,000, 2,000 సార్లు కంపించేవి బలపడతాయి. ఈ హెచ్చుతగ్గుల్ని గ్రాఫ్ గీస్తే అచ్చం దువ్వెన పళ్లలా ఉంటుంది. ఇంజినీర్లు కూడా దీన్ని దువ్వెన అనే పిలుస్తారు. కంచం కదిలితే ఆ దువ్వెన పళ్లు కూడా జరుగుతాయి. ఆ జరగడమే ఫ్లాంజర్ శబ్దం. ఘాట్కోపర్, కుర్లా వైపు కాపురం ఉండేవారికి ఇది కొత్త కాదు. జెట్ విమానం తల మీదుగా పోతుంటే నేరుగా వచ్చే హోరు, నేలకు తగిలి వచ్చే హోరు కలిసి ఇలాగే జారుతూ వినిపిస్తాయి.

స్టూడియోల్లో మొదట దీన్ని టేపుతో సాధించారు. ఒకే పాటను రెండు టేపు యంత్రాల మీద ఒకేసారి నడిపి, ఒకదాని చక్రం అంచు మీద బొటనవేలు ఆనిస్తే అది రవ్వంత వెనకబడుతుంది. చక్రం అంచును ఇంగ్లీషులో ఫ్లాంజ్ అంటారు. పేరు అక్కడినుంచే వచ్చిందని కొందరు, బీటిల్స్ స్టూడియోలో పుట్టిన ఒక జోకు నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కు ఒకే పాటను రెండుసార్లు పాడటం విసుగు. ఆ బాధ తప్పించడానికి 1966లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ టేపుతోనే గొంతును రెండుగా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1967లో స్మాల్ ఫేసెస్ అనే బృందం పాట 'ఇచికూ పార్క్'తో ఈ జారుడు శబ్దం ఇంటింటికీ చేరింది. కానీ కచేరీకి రెండు టేపు యంత్రాలు మోసుకుపోలేరు కదా.

దారి చూపించింది ఒక చిప్. స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు గమేళాలు చేతులు మార్చుకుంటూ పైకి పంపడం మీరంతా చూసే ఉంటారు. 1969లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ అదే పనిని విద్యుత్తుతో చేయించారు. ఒక వరసలో బుల్లి కెపాసిటర్లు ఉంటాయి. క్లాక్ టిక్కుమన్న ప్రతిసారీ ఒకటి తన దగ్గరున్న ఆవేశాన్ని పక్కదానికి అందిస్తుంది. చివరికి చేరేసరికి శబ్దం కాస్త ఆలస్యమవుతుంది. క్లాక్ వేగం పెంచితే ఆలస్యం తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. కంచం జరిపినట్టే. అయితే గమేళా చేతులు మారేటప్పుడు కొంత ఒలికినట్టే ఇక్కడా కొంత శబ్దం మసకబారుతుంది, కొంత రొద చేరుతుంది. ఆ ఒలికిందే పాత పెడళ్ల అందమని కొందరు, లోపమని కొందరు అంటారు. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

ఎలక్ట్రిక్ మిస్ట్రెస్‌లో వాడింది రెటికాన్ కంపెనీ 1,024 అంచెల చిప్. సర్క్యూట్ రూపొందించినది డేవిడ్ కాకరెల్. 1969లో లండన్ నుంచి వచ్చిన వీసీఎస్ 3 అనే ప్రసిద్ధ సింథసైజర్ సర్క్యూట్ కూడా ఆయనదే. పెట్టె మీద మూడు తిప్పుళ్లు ఉంటాయి. ఒకటి జారుడు వేగానికి, ఒకటి ఎంత దూరం జారాలన్న దానికి, మూడోది ఘాటుకు. పక్కన ఒక స్విచ్ ఉంటుంది, పేరు ఫిల్టర్ మ్యాట్రిక్స్. అది వేస్తే జారుడు ఆగిపోయి, దువ్వెన ఉన్నచోటే నిలబడుతుంది. అప్పుడు గిటార్ గంట మోగినట్టు, లోహం ఖంగుమన్నట్టు పలుకుతుంది.

ఇక వాయించేవాళ్ల సంగతి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ 1979లో వచ్చిన 'ది వాల్' ఆల్బమ్ రోజుల్లో దీన్ని వాడాడు. ది పోలీస్ అనే బృందంలో ఆండీ సమ్మర్స్ తొలి ఆల్బమ్‌ల కాలంలో వాడాడు. ఇద్దరికీ అదే పెట్టె, కానీ పని వేరు. పోలీస్‌లో ఉన్నది ముగ్గురే. గిటార్, బేస్, డ్రమ్స్. మధ్యలో మిగిలిన ఖాళీ అంతా ఒక్క గిటారే నింపాలి. అందుకే శుభ్రమైన తీగల మీద ఆ మెరుపు అతనికి అవసరమైంది. గిల్మర్ వెనక కీబోర్డులు ఉన్నాయి. అతనికి కావలసింది సాగదీసిన పలుకులో కాస్త కదలిక. మరోవైపు ఎడ్డీ వాన్ హేలెన్ ఎమ్‌ఎక్స్‌ఆర్ అనే మరో కంపెనీ ఫ్లాంజర్ ఎంచుకున్నాడు. అతనికి విమానం దూసుకుపోయినట్టు క్షణంపాటు వచ్చి పోయే ఊపు కావాలి. ముగ్గురిలో ఎవరి మాట సరైనదని అడిగితే జవాబు లేదు.

తిట్టేవాళ్ల మాటల్లోనూ నిజం ఉంది. పాత మిస్ట్రెస్ ఆన్ చేస్తే గిటార్ గొంతు కాస్త తగ్గుతుందని, వెనకాల రొద వస్తుందని అంటారు. అవి నిజంగా ఉన్న ఇబ్బందులే. పైగా ఆ ఒక్క పేరు మీదే కంపెనీ ఏళ్ల తరబడి రకరకాల సర్క్యూట్లు అమ్మింది. లోపల చిన్న స్క్రూలు తిప్పి సరిచేసే భాగాలు ఉంటాయి. ఎవరి స్క్రూ ఎక్కడ ఉందో దాన్నిబట్టి రెండు పెట్టెలు రెండు రకాలుగా పలుకుతాయి. ఒకాయన పొగిడిన పెట్టె, ఇంకొకాయన తిట్టిన పెట్టె పేరుకే ఒకటి కావచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తర్వాత ఫ్లాంజర్ పెడితే దువ్వడానికి బోలెడు స్వరాలుంటాయి కాబట్టి జారుడు గట్టిగా వినిపిస్తుంది. ముందు పెడితే నెమ్మదిస్తుంది. అభిప్రాయం చెప్పేవారు ఈ వివరం చెప్పరు.

రుణం మంజూరు చేసేటప్పుడు మనం మొత్తం ఒక్కటే రాసి ఊరుకోం. కింద షరతులు రాస్తాం. షరతులు లేని మంజూరు పత్రం ఎలాంటిదో, షరతులు చెప్పని అభిప్రాయం కూడా అలాంటిదే. కాబట్టి నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ పెట్టె? వరసలో ఎక్కడ? ఏ పనికి?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు పుణెలో ఉద్యోగం చేస్తూ స్నేహితులతో కలిసి పాటలు కడుతుంటాడు. రికరింగ్ డిపాజిట్ గడువు తీరగానే, అందులో సగానికి పైగా పెట్టి 1970ల నాటి ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ కొంటానన్నాడు. మా బావ ససేమిరా అన్నారు. రెండు నెలలు తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. గిటార్ తెలిసినవాణ్ని, బ్యాంకువాణ్ని నేనే కాబట్టి పంచాయితీ నా దగ్గరకు వచ్చింది. "గిల్మర్ వాడాడు మామయ్యా, ఇంకేం కావాలి?" అన్నాడు వాడు. "ఆయన వాడితే ఆయన కొనుక్కుంటాడు, వీడికెందుకు?" అన్నారు బావ.

ఇక్కడ సినిమా రికార్డింగుల్లో వాయించే ఒక మిత్రుడి దగ్గర పాత పెట్టె ఉంది, ఇప్పటి చిన్న రకమూ ఉంది. ఒక ఆదివారం ఇద్దర్నీ అక్కడికి తీసుకెళ్లాను. ముందుగా రెండింటి గొంతూ సమానం చేశాం. ఎందుకంటే రెండిట్లో కాస్త గట్టిగా వినిపించేది ఎవరికైనా మెరుగ్గానే తోస్తుంది. తర్వాత వాణ్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాం. మిత్రుడు వాయించాడు. ఏ పెట్టె నొక్కిందీ మా అమ్మాయి పే ఇన్ స్లిప్ వెనక రాసుకుంది.

జారుడు శబ్దంతో వాడు చెప్పినవి సుమారు సగం ఒప్పు, సగం తప్పు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. వాడి మొహం చూడలేకపోయాం. తర్వాత ఫిల్టర్ మ్యాట్రిక్స్ వేసి, జారుడు ఆపి వాయించాడు. ఈసారి దాదాపు ప్రతిసారీ పాతదేదో ఠక్కున చెప్పాడు. కొత్తదాని తిప్పుళ్లు ఎంత సవరించినా దగ్గరకు వచ్చింది గానీ అదే కాలేదు. వాడు కట్టిన ఒక పాటలో గాయని ఆగాక గిటార్ ఒంటరిగా మోగే చోటుంది. అక్కడికి ఆ గంట పలుకే కావాలన్నాడు. గిల్మర్ పేరు మళ్లీ ఎత్తలేదు.

అంతవరకూ మాట్లాడకుండా కూర్చున్న మా బావ అప్పుడు ఒక్కటే అడిగారు. "ఇది చెడిపోతే బాగుచేసేదెవరు?" గిటార్ ముట్టుకోని మనిషి వేసిన ఆ ప్రశ్నకు మిత్రుడు లేచి నిలబడ్డాడు. ఆ రెటికాన్ చిప్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత సామాన్లలోంచి పీకినవే దొరుకుతాయి, అసలైనవో కావో తెలియదు. చివరికి వాడు వేదిక మీదకు చిన్న కొత్త పెడల్ కొన్నాడు. ఆ పాటలోని ఆ ఒక్క చోటు మాత్రం మిత్రుడి ఇంట్లో, పాత పెట్టెతో రికార్డు చేసుకున్నాడు. పాతదాని కోసం ఇంకో రికరింగ్ డిపాజిట్ కూడా మొదలుపెట్టాడు. ఈసారి బావ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఎందుకు కావాలో ఇప్పుడు వాడు చెప్పగలుగుతున్నాడు.

మేనేజ్‌మెంట్ చదివేటప్పుడు హేలో ఎఫెక్ట్ అనే మాట విన్నాం. 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యాధికారులు తమ సైనికులకు వేసిన మార్కులు పరిశీలించాడు. దేహదారుఢ్యంలో ఎక్కువ మార్కులు వేసినవాడికే తెలివిలోనూ, నాయకత్వంలోనూ ఎక్కువ వేశారట. ఒక వెలుగు మిగతా అన్నిటి మీదా పడింది. ఏటా మార్చి తర్వాత సిబ్బంది పనితీరు నివేదికలు రాసే మనందరికీ ఇది చురక లాంటిదే. పెద్ద పేరున్న వాయిద్యకారుడి కాలి కింద ఉన్న ప్రతి పెట్టె మీదా అతని వెలుగు పడుతుంది. అందులో ఎంత పెట్టెది, ఎంత ఆ చేతిది అన్నది కళ్లు మూసుకుంటేనే తెలుస్తుంది.

అలాగని పెద్దల అభిప్రాయాలు వ్యర్థమని నేననను. గిల్మర్, సమ్మర్స్ వాడబట్టే ఈ పెట్టెను వినాలని మనకు తోచింది. 1980లలో ఎలక్ట్రో హార్మోనిక్స్ మూతపడింది. దాన్ని స్థాపించిన మైక్ మాథ్యూస్ రష్యా వాక్యూమ్ ట్యూబుల వ్యాపారం చేసి నిలదొక్కుకుని మళ్లీ పెడళ్లు మొదలుపెట్టాడు. ఆ మాటల బలం లేకపోతే ఇంతకాలానికి ఈ పేరు అడిగేవారే ఉండేవారు కారు. అభిప్రాయం మనల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపలికి మన చెవులతో మనమే వెళ్లాలి.

పిల్లలు రేపు ఏదైనా కొంటామని వచ్చి, ఫలానావాడి దగ్గర ఉందని చెబితే, తల్లిదండ్రులుగా వెంటనే వద్దనకండి. ఏది, ఎక్కడ, దేనికి అని అడగండి. జవాబు వాళ్లే వెతుక్కుని వస్తారు. పిల్లలూ, మీరు కూడా అమ్మానాన్నలు అడిగే "చెడిపోతే ఎలా?" అన్న ప్రశ్నను తీసిపారేయకండి. సంగీతం తెలియనివాళ్లు కూడా ఒక్కోసారి మంచి ప్రశ్న వేస్తారు.

భోజనాలు సిద్ధమయ్యాయని కబురొచ్చింది. కంచాలు చేతికి రాగానే వడ్డించుకోవడానికి ముందు ఒక్కసారి 'ష్' అని చూడండి. పక్కవాళ్లు ఏమనుకున్నా ఫర్వాలేదు, వాళ్లూ అదే చేస్తుంటారు.