అటక మీది ల్యాప్‌టాప్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాడిని. ఉపన్యాసాలు నాకు రావు. ఈ మధ్య చేసిన ఒక రిపేరు గురించి చెబుతాను. అది మనందరికీ సంబంధించినదే.

మన బ్యాచ్ మిత్రుడొకడు ఒకప్పుడు ఊళ్ళో ఫొటోలు తీసేవాడు. అతని పాత ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42 పన్నెండేళ్ళుగా అటక మీదే ఉంది. అది 2004 నాటి మోడల్. పాత విద్యార్థుల పేర్ల జాబితా, సముద్రం కోసుకుపోయిన మన వీధుల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు ఏదో ఒక ఛార్జరు తెచ్చి గుచ్చుతారు. దీనికి కావలసింది 16 వోల్టులు. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా 19, 20 వోల్టులవి. పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు సరిపోయినట్టు కాదండీ. మీటరు పెట్టి చూస్తే పాత అడాప్టరులో అసలు కరెంటే రావడం లేదు.

అయినా నేను ముందు మిషను జోలికి పోలేదు. హార్డ్ డిస్కు తీశాను. అడుగున ఒక్క స్క్రూ విప్పితే పక్కనుంచి జారి వస్తుంది. పాత రకం 44 పిన్నుల డిస్కు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టరు పెట్టి, ఏ ఫైలూ తెరవకుండా మొత్తానికి మొత్తం ప్రతి తీశాను. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. డిస్కులో ఉన్నది కొనలేం.

ఆ తర్వాతే బోర్డు. మన ఊరి గాలి సంగతి మీకు తెలుసు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తడిని పీల్చుకుని నీరవుతుంది. ఆ ఉప్పునీరు రాగిని తినేస్తుంది. మెమరీ కార్డు కాళ్ళ మీద పచ్చటి చిలుము పట్టింది. మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పూట ఆరనిచ్చాను. పాత బ్యాటరీ పక్కన పెట్టి, సరైన 16 వోల్టుల అడాప్టరు పెట్టగానే ఫ్యాను తిరిగింది. తెర మీద 161, 163 అని అంకెలు వచ్చాయి. మొదటిది లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని, రెండోది తేదీ, టైమూ పోయాయని. మూడు వోల్టుల బ్యాటరీ మార్చి, తేదీ పెడితే విండోస్ ఎక్స్‌పీ తెరుచుకుంది.

మగ్గం మీద పోగు తెగితే జాందానీ చీర కోసి పారెయ్యం కదా. తెగిన చోటు వెతికి అతుకుతాం. ఇదీ అంతే.

ఫొటోలు చక్కగా వచ్చాయి. పేర్ల జాబితా తెరిస్తే మాత్రం అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగం. అది అను ఫాంట్‌లో కొట్టినది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు కూర్చి పెట్టుకున్నాయి. ఫాంటు లేని చోట తెలుగు కనపడదు. యూనికోడ్‌లోకి మార్చాక, వత్తులు ఒక్కొక్కటీ సరిచూశాక, మన పేర్లు పేర్లలా కనిపించాయి. ఈ సభకు మిమ్మల్ని పిలిచింది చాలావరకు ఆ జాబితా చూసే.

ఆ ఫొటోల్లోని పాత వీధి ఇప్పుడు నీళ్ళలో ఉంది. జియోట్యూబ్ గోడ కట్టినా కెరటం ఆగలేదు. ఆ వీధిలో పుట్టినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళ పిల్లలకు ఆ వీధి చూపించాలంటే మిగిలినది ఆ డిస్కే.

కాబట్టి నా మనవి ఒకటే. మీ అటకల మీద పాత ల్యాప్‌టాప్‌లు, సీడీలు, ఫోన్లు ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఛార్జరు గుచ్చి ప్రయోగాలూ చెయ్యకండి. ముందు లోపలిది బయటికి తీయించండి. తీసినది మూడు ప్రతులు చేసి రెండు రకాల పరికరాల్లో దాచండి. అందులో ఒక ప్రతి మాత్రం ఉప్పాడకు దూరంగా ఉంచండి. ఎందుకో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తీయడం రాకపోతే నా దగ్గరకు పంపండి. మన బడి వాళ్ళ దగ్గర కూలి తీసుకోను. సెలవు.