పరిచయాలు పుట్టుకతో రానివాళ్ళకు

 

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో చాలామంది ఉద్యోగాల్లో చేరతారు. నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది మిగిలినవాళ్ళతో. సొంతంగా ఏదో ఒకటి పెట్టాలని తపన పడుతున్నవాళ్ళతో, నాన్న కొట్టునో అమ్మ నడిపే కుట్టు కేంద్రాన్నో రేపటి నుంచి చూసుకోబోయేవాళ్ళతో. పెట్టుబడి గురించీ మార్కెట్ గురించీ చెప్పడానికి మీకు చాలామంది దొరుకుతారు. చిన్న వ్యాపారికి మనుషులతో పరిచయం కూడా పెట్టుబడే. అది కొందరికి తాతల నాటి నుంచి వస్తుంది, కొందరికి అసలు రాదు. అలా రానివాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

నేను బెజవాడ ఆటోనగర్ మనిషిని. చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాద్ నుంచి బందరు వెళ్ళే రహదారి కలిసే ఊరు కాబట్టి లారీల వ్యాపారం మా దగ్గర బాగా పెరిగింది. కంపెనీ నుంచి లారీ ఉత్త ఛాసిస్‌గా వచ్చేది. ఇంజిను, చక్రాలు, స్టీరింగు తప్ప పైన ఏమీ ఉండేది కాదు. డ్రైవరు ఎదురుగాలికి కూర్చుని అంత దూరం తోలుకొచ్చేవాడు. మా దగ్గరకు వచ్చాక దానికి బాడీ కట్టాలి. చెక్కపనికి వడ్రంగి, రేకుకు టింకరింగ్ మేస్త్రీ, తర్వాత వెల్డరు, వైరింగ్ చేసేవాడు, సీట్లు కుట్టేవాడు, రంగులేసేవాడు, చివర్లో పేర్లూ పువ్వులూ రాసే ఆర్టిస్టు. వీళ్ళలో చాలామంది ఒకే యజమాని కింద పనిచేసేవాళ్ళు కాదు. ఎవరి షెడ్డు వాళ్ళది. కమాన్‌కట్టలు ఒకచోట, రేడియేటర్ ఇంకోచోట, గేర్‌బాక్సు మరోచోట. ఏ ఒక్క షెడ్డూ తనంతట తాను లారీని పూర్తిచేయలేదు. అన్నీ కలిస్తేనే అది రోడ్డెక్కుతుంది.

రాత్రి తొమ్మిదికి ఒక బండి ఇంజిను విప్పితే క్రాంక్‌షాఫ్ట్ అరిగిపోయి కనిపిస్తుంది. మేస్త్రీ షాఫ్టులు బాగుచేసే షెడ్డాయనకు ఫోను చేసి, "అన్నా, షాఫ్టు పంపిస్తున్నా, పొద్దుటికల్లా కావాలి" అంటాడు. అవతలాయన రేటు మాట్లాడకుండా పంపించమంటాడు. వచ్చేవారం తన అవసరానికి ఈ మేస్త్రీ రాత్రి మేలుకుంటాడని ఆయనకు తెలుసు. స్పేర్‌పార్టుల కొట్టులోనూ అంతే. లారీ ఓనరు ఎవరో తెలియకపోయినా మేస్త్రీ చీటీ రాసి పంపితే సామాను ఇస్తారు. డబ్బు రాకపోతే పోయేది మేస్త్రీ మాట. అందుకే ఆయన ఎవరికి పడితే వాళ్ళకు చీటీ రాయడు. ఈ నమ్మకాన్ని ఏ బ్యాంకూ ఆస్తుల పట్టికలో రాయదు, మా ఆటోనగర్ మాత్రం దాని మీదే నడుస్తోంది.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాడి పరిస్థితి ఊహించండి. డిప్లొమా చదివిన ఒక కుర్రాడు లోను తీసుకుని మంచి లేత్ మిషన్ బిగించాడు. వాళ్ళింట్లో వ్యాపారం చేసినవాళ్ళు ఎవరూ లేరు. చుట్టుపక్కల చాలా షెడ్లలో ఉన్నవాటి కంటే అతని మిషనే మెరుగు. అయినా నెలల తరబడి పనిలేక కూర్చున్నాడు, కిస్తీలు మాత్రం ఆగలేదు. ఒకరోజు పెద్ద మేస్త్రీ ఒకాయన, తన దగ్గర పనులు ఎక్కువైపోయి, కొన్ని బుష్‌లు కోయమని పంపాడు. కుర్రాడు కొలతలు చూసుకుని, కోసేముందే ఫోన్ చేశాడు: "బాబాయ్, మీరిచ్చిన పాత బుష్ ఒక పక్క అరిగిపోయింది. దాని కొలత ప్రకారం చేస్తే వదులవుతుంది. హౌసింగ్ కూడా పంపిస్తారా?" ఆ ఒక్క ఫోనుతో మేస్త్రీకి మనిషి అర్థమయ్యాడు. ఆ తర్వాత ఆయనే నలుగురికి చెప్పాడు. కుర్రాడి నైపుణ్యం మొదటి నుంచీ అంతే. అది ఒక మనిషి కంటపడేదాకా దానికి విలువ రాలేదు. మన ఊళ్ళలో అలా ఎవరి కంటా పడకుండా మూతపడిన షెడ్లు నేను చూశాను. ఆ బాధే నన్ను ఈ విషయం ఎంచుకునేలా చేసింది.

ఎవరితో పరిచయం పెంచుకోవాలి? మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశారు. బాస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్ళో కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళను కలిసి, ఆ ఉద్యోగం సంగతి చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన 54 మందిలో 16.7 శాతం మాత్రమే తరచూ కలిసేవాళ్ళమన్నారు. అప్పుడప్పుడు కలిసేవాళ్ళమన్నది 55.6 శాతం, ఏడాదికోసారో అంతకంటే తక్కువగానో కలిసేవాళ్ళమన్నది 27.8 శాతం. సర్వే చిన్నదే, కానీ కారణం ఆలోచిస్తే మనకూ అనుభవంలో ఉన్నదే. రోజూ మనతో టీ తాగే మిత్రుడికి తెలిసిన సంగతులు మనకూ తెలుసు. మనకు తెలియని కబురు రావాలంటే అది ఇంకో గుంపులో తిరిగే మనిషి నుంచి రావాలి.

ఇప్పుడు సేవాసంస్థగా మనకు తెలిసిన రోటరీ మొదలైంది కూడా ఇలాగే. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. వంతులవారీగా ఒకరి ఆఫీసులో ఒకరు కలిసేవారు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. మొదట్లో ఒకరికొకరు వ్యాపారం ఇచ్చుకోవడం కూడా ఉండేది. ఒకే వృత్తివాళ్ళు గుంపుగా చేరకుండా తలా ఒక వృత్తి నుంచి సభ్యులను తీసుకునేవారు. పెద్ద నగరానికి వచ్చి, బంధువులు లేక ఒంటరిగా ఉన్న మనిషి కట్టుకున్న బంధుత్వం అది.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన మాట చెప్పాలి. మన దగ్గర వ్యాపారం చాలావరకు కులం, చుట్టరికం దారుల్లోనే నడిచింది. అప్పు పుట్టేది అక్కడే, సరుకు అరువు దొరికేదీ, దివాలా తీస్తే ఆదుకునేదీ అక్కడే. ఆ బలం చిన్నది కాదు. కానీ ఆ గోడ బయట పుట్టినవాడికి ఎంత చదివినా మొదటి ఆర్డరు రాదు, ఇది పచ్చి అన్యాయం. అందుకే 2005లో పుణేలో దళిత్ ఇండియన్ చాంబర్ ఆఫ్ కామర్స్ అండ్ ఇండస్ట్రీ పుట్టింది. పాత సంఘాల్లో దొరకని పరిచయాలను తామే కట్టుకోవాలనుకున్నారు.

ఆడవాళ్ళ సంగతీ అంతే. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఒక మేడ మీద ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తారు. మొదటి రోజు వత్తిన నాలుగు ప్యాకెట్లను భులేశ్వర్‌లో తెలిసిన వ్యాపారి ఒకాయన కొన్నాడు. అదే లిజ్జత్ అప్పడాల సంస్థ. ఆ ఏడుగురి కష్టాన్ని ఎంత పొగిడినా తక్కువే, ఆ తెలిసిన వ్యాపారిని మాత్రం మనం మరిచిపోతాం. మన ఊళ్ళ పొదుపు సంఘాల్లో పచ్చళ్ళు, బట్టలు అద్భుతంగా చేసే అక్కలు ఎందరో ఉన్నారు. వాళ్ళకు అప్పు దొరికింది, కొనే వ్యాపారి చాలాచోట్ల ఇంకా దొరకలేదు. వ్యాపార సంఘాల సమావేశాలు రాత్రి ఎనిమిదికి లాడ్జి హాళ్ళలో పెడితే ఆ అక్కలు ఎలా వస్తారు? ఈ సభలో కూర్చున్న పరిశ్రమల సంఘాల పెద్దలను వేడుకుంటున్నాను, ఆ సమావేశాలు పగలు పెట్టండి. ఖర్చులేని పని ఇది.

పరిచయాల వల్ల ఇంకో లాభం ఉంది, డబ్బు మునగకుండా కాపాడుకోవడం. చిన్న యూనిట్ల దగ్గర సరుకు కొన్నవాళ్ళు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు కట్టాలని, లేదంటే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. చట్టం మంచిదే. కానీ పెద్ద కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే మళ్ళీ ఆర్డరు రాదేమోనని చిన్నవాడు నోరు మూసుకుంటాడు. ఎవరు సకాలంలో కడతారు, ఎవరు ఆర్నెల్లు తిప్పుతారు అన్నది మీలాంటి ఇంకో సరఫరాదారుకే తెలుస్తుంది. ఆయన మీ పోటీదారు అయినా సరే, వెళ్ళి పరిచయం చేసుకోండి.

పెద్ద హోటల్లో విజిటింగ్ కార్డులు పంచితే ఇవన్నీ వచ్చేస్తాయని అనుకోకండి. అవసరం పడ్డప్పుడే గుర్తుచేసుకునేవాడి ఫోను రెండోసారి ఎవరూ ఎత్తరు. అడగడానికి ముందే ఏదైనా ఇవ్వండి. ఒక కబురు చెప్పండి. మీకు చేతకాని పని వస్తే వదిలేయకుండా చేతనైనవాడి దగ్గరకు పంపండి. ఇచ్చిన తేదీ తప్పేటట్టుంటే తేదీకి ముందే చెప్పండి. తెలియని మనిషిని ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు ఆ చీటీ రాసే మేస్త్రీని గుర్తుపెట్టుకోండి, మీ మాట కూడా తాకట్టులో ఉంటుంది.

ఈ హాలులో వ్యవసాయం చదివినవాళ్ళు, కామర్స్ చదివినవాళ్ళు, మెకానికల్, ఫార్మసీ, కంప్యూటర్ల వాళ్ళు ఉన్నారు. ఇన్నేళ్ళూ ఒకే క్యాంపస్‌లో ఉండి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళతో ఒక్కమాట మాట్లాడనివాళ్ళు మీలో చాలామందే ఉంటారు. హాస్టల్ గదులు ఖాళీ చేసేలోపు మీ బ్రాంచి కాని, మీ ఊరు కాని, మీ కులం కాని కొందరి దగ్గరకు వెళ్ళండి. ఏం చేయబోతున్నావని అడగండి, నంబరు తీసుకోండి, దసరాకో సంక్రాంతికో పనిలేకపోయినా ఒకసారి ఫోన్ చేయండి. మీలో ఇప్పటికే తండ్రి వ్యాపారం, మేనమామల అండ ఉన్నవాళ్ళు మరో పని కూడా చేయాలి. మొదటి ఆర్డరు కోసం ఎదురుచూస్తున్న మీ క్లాస్‌మేట్‌ను మీ నాన్నగారి దగ్గరకు తీసుకెళ్ళి, "నాన్నా, వీడి పని ఒకసారి చూడండి" అనండి.