గుట్ట కింద ఎకరం అమ్మితే బాట ఎవరిది?

(వికారాబాద్ జిల్లాలో జరిగిన మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'వ్యవసాయ భూముల్లో ఫామ్‌హౌస్‌లు'. దీని మీద మాట్లాడమంటే చాలామంది రియల్ ఎస్టేట్ వాళ్లను తిట్టి కూర్చుంటారు. నేను ముందు నా సంగతి చెప్తాను. గుట్ట కింద మా అన్నకు వచ్చిన వాటాలో రెండెకరాలు అమ్మాడు. బోర్ల అప్పు, బిడ్డ పెళ్లి. అమ్మొద్దని చెప్పే మొహం నాకు లేదు, ఎందుకంటే ఆ అప్పు తీర్చే శక్తి నాకూ లేదు. రిజిస్ట్రేషన్ కాగితం మీద సాక్షి సంతకం నాదే. నాలుగు దిక్కుల హద్దులు చదివాను, సర్వే నెంబరు చూశాను, పైసలు లెక్కపెట్టాను. ఆ రెండెకరాల అంచున ఉన్న బండ్ల బాట గురించి ఒక్క మాట రాయించాలని మాత్రం తట్టలేదు. మా నాయన కంటే ముందు నుంచి పదకొండు కుటుంబాలు ఆ బాట మీదుగానే చేన్లకు పోతున్నాయి. కొన్న పెద్దమనిషి కడీలు పాతి, జాలి కట్టి, గేటు పెట్టాడు. ఆయనను అడిగితే కాగితం చూపించాడు. అందులో బాట లేదు. కింద నా సంతకం ఉంది.

ఇప్పుడు ఆ పదకొండు కుటుంబాలు గుట్ట చుట్టూ మూడు కిలోమీటర్లు తిరిగి పోతున్నాయి. ట్రాక్టర్ వాడు కిరాయి ఎక్కువ అడుగుతున్నాడు. పత్తి ఏరడానికి కూలీలు రామంటున్నారు. అందుకే ఈ అంశం నాకే ఇవ్వమని అడిగాను.

మన దగ్గరకే ఎందుకు వస్తున్నారు? అనంతగిరి గుట్టలున్నాయి, చల్లగాలి ఉంది, హైదరాబాద్ దగ్గర. ఇంకో రెండు కారణాలు పెద్దగా ఎవరూ చెప్పరు. సాగు ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. మునిసిపాలిటీకి దాని జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి అయితే, అమ్మిన లాభం మీదా పన్ను లేదు. రెండోది, మన రాష్ట్రంలో సాగుభూమి ఎవరైనా కొనొచ్చు. పక్కనున్న మహారాష్ట్రలో రైతు కానివాళ్లు కొనడానికి చట్టం అడ్డం ఉంది. కర్ణాటకలో కూడా 2020 దాకా అలాంటి అడ్డం ఉండేది. కొన్నవాళ్లకు పట్టా పాస్‌బుక్ వస్తుంది, దానితో రైతుబంధు కూడా వచ్చింది. 2018లో ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో మొదలైన ఆ డబ్బు ఎప్పుడూ దున్నని పట్టాదారు ఖాతాలో పడింది, దున్నిన కౌలు రైతుకు పైసా రాలేదు. ఇది మన సంఘం ఎన్నిసార్లు చెప్పిందో మీకు తెలుసు, మళ్లీ చెప్పను.

గుట్ట కింది ఎకరానికీ మైదానంలో ఎకరానికీ తేడా ఉంది. మైదానంలో ఒక చేను చుట్టూ గోడ కడితే నష్టం చాలావరకు ఆ చేనుతో ఆగుతుంది. గుట్ట కింద అలా కాదు. వాన గుట్ట మీద పడుతుంది, వాలున దిగుతుంది, వాగై కుంటలోకి చేరుతుంది, మత్తడి దూకి కింది కుంటకు పోతుంది. మూసీ పుట్టింది మన అనంతగిరి గుట్టల్లోనే. 1908 వరదల తర్వాత హైదరాబాద్ కోసం ఆ నది మీద ఉస్మాన్‌సాగర్ కట్టారు. ఆ నీళ్లు చెడిపోవద్దని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో వాటిని సడలిస్తూ ఇంకో జీవో ఇచ్చారు, అది వేరే కథ. నేననేది, చెరువు చుట్టూ కాపలా పెట్టాలని పట్నానికి తోచింది, చెరువులోకి నీళ్లు పంపే పైఊళ్ల వాగుల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. వాగుకు అడ్డంగా మట్టి పోసి లాన్ వేస్తే కింది కుంట నిండదు. కుంట నిండకపోతే దాని కింద బావి ఊరదు. చేప పిల్లలు వదిలినవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, బర్లకు నీళ్లు తాపేవాళ్లు అందరూ పోతారు.

బోర్ల సంగతి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. మన చేన్లో బోరు వేస్తుంటే అడగడానికి వచ్చే అధికారి, ఈత కొలను కోసం వేసే బోరు దగ్గరకు ఎందుకు రాడో సంఘం తరఫున రాసి అడగాలి. నోటితో కాదు, రాసి, రసీదు తీసుకుని.

ఇక మేత. గుట్ట వాలంతా జీవాలు తిరిగిన కంచ. 2017లో సర్కారు గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చింది. గొర్రె ఇచ్చారు సరే, అది ఎక్కడ మేయాలి? పట్టా చేన్లకు కంచె పడింది, కంచకు పోయే దారికి గేటు పడింది. కంచె దగ్గర ఆగిపోయిన అడవిపంది ఊరికే ఉంటుందా? కంచె లేని పక్క చేన్లోకి వస్తుంది. మా ఊళ్లో మక్క వేయడం తగ్గడానికి అదొక కారణం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం, కానీ కంది పండే నల్లరేగడి నేలల్లో 'మామిడి తోటతో ఫామ్ ప్లాటు' అని బోర్డులు లేస్తున్నాయి. గుంటల లెక్కన అమ్ముతున్నారు, గుంటకు 121 గజాలు. కొనే మధ్యతరగతి ఉద్యోగి కూడా మోసపోతున్నాడు పాపం, లేఅవుట్ అనుమతి ఉండదు, వాళ్లు చూపించే రోడ్డు ఎవరిదో తెలియదు.

లావణి పట్టాలున్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. సర్కారు ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. మధ్యవర్తి తెల్ల కాగితం మీద రాయించి బయానా చేతిలో పెడితే తీసుకోకండి. కొన్నవాడు తన లాయర్‌తో బయటపడతాడు, మీరు భూమీ పోగొట్టుకుంటారు.

మళ్లీ బాట దగ్గరకు వస్తాను. బాటలు రెండు రకాలు. గ్రామ నక్షలో చుక్కల గీతలతో చూపించిన బండ్ల బాట ఒకటి. అది ఎవరి పట్టా కాదు, మూసినవాడి చేత తెరిపించాల్సింది అధికారులు. దానికోసం ఎవరినీ బతిమాలే పని లేదు. 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది, దరఖాస్తులో ఆ తీర్పు పేరు రాయండి. రెండో రకం నక్షలో లేని బాట, పట్టా భూముల గట్ల మీదుగా అలవాటుగా నడిచింది. దానికీ హక్కు ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచిన బాట మీద మనకు హక్కు వస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. బాట మూసిన రెండేళ్ల లోపల కోర్టుకు పోవాలి.

మా పదకొండు కుటుంబాలు ఏం చేశాయో తెలుసా? సర్పంచ్ దగ్గర కూర్చున్నాయి. ఠాణాకు పోయాయి. పండగకు కొన్నాయన వస్తాడంటే గేటు దగ్గర నిలబడ్డాయి. 'చూద్దాం, మాట్లాడుకుందాం' అంటూ ఒక ఏడు, తర్వాత ఇంకో ఏడు. చివరికి లాయర్ దగ్గరకు పోతే ఆయన మొదట అడిగింది కడీలు పాతిన తారీఖు. లెక్క చూస్తే ఒక ఏడాది పదకొండు నెలలు అయింది. ఇంకో నెల ఆగి ఉంటే ఆ సెక్షన్ కింద కేసే ఉండేది కాదు. ఇప్పుడు వాయిదాలు నడుస్తున్నాయి. అన్న అమ్మిన భూమి విషయంలో అన్నకు వ్యతిరేకంగా, నా సంతకానికి వ్యతిరేకంగా, నేనే సాక్షిగా కోర్టులో నిలబడతాను. ఇంట్లో మాటలు లేవు.

అందుకే అడుగుతున్నాను. అమ్మక తప్పనివాళ్లు అమ్మండి, మనం ఆపలేం. కానీ దస్తావేజు రాసే ముందు సంఘానికి ఒక మాట చెప్పండి. 'ఈ భూమి తూర్పు గట్టు వెంట ఇన్ని అడుగుల బాట, ఈ వాగు, ఈ కాలువ ఉన్నాయి, కొన్నవారు వాటిని మూయకూడదు' అని ఒక వాక్యం అందులో రాయిద్దాం. 2025లో వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు పటం జత చేసే ఏర్పాటు ఉంది, ఆ పటంలో బాట గీయించుకుందాం. నక్ష లేదని ఆఫీసులో అంటే మండల కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రుసుము 5 రూపాయలే.

మా ఊరి నక్ష నకలు నేను తెచ్చాను. పక్క మూడు ఊళ్లవి కూడా ఉన్నాయి. భోజనాలయ్యాక ఇక్కడే బల్ల మీద పరుస్తాను. మీ పాస్‌బుక్‌లో సర్వే నెంబరు చూసుకుని, మీ బాట అందులో ఉందో లేదో వచ్చి వెతకండి. లేనివాళ్లు పేరు, మూసిన తారీఖు రాయించి పోండి.