ఇంటిపేరు లేని ప్రయాణాలు: కరీబియన్ వలస నవల, కడప కథ

వలస వెళ్లినవారి కథలు చదివేటప్పుడు వారి మూలాలు ఎక్కడివన్న ప్రశ్న ముందుగా రావడం సహజమే. అయితే ఆ ప్రశ్నకు ఒక ఊరి పేరో, కులం పేరో జవాబుగా చెప్పి ఊరుకునే విమర్శకు ఆ కథలు చేసే అసలు పని కనబడదు. ఊళ్లో ఉన్నంతకాలం ఊరు మనిషికి గుర్తింపు కాదు, విడిచిన తరువాతనే అవుతుందనడానికి తెలుగువారి ఇంటిపేర్లే సాక్ష్యం. పుట్టపర్తిలో ఉన్నవారిని పుట్టపర్తివారని పిలవవలసిన అవసరం ఆ ఊళ్లో ఎవరికీ రాదు, పొరుగూరికి చేరినప్పుడే ఆ పేరుతో పని పడుతుంది. ప్రొద్దుటూరులో ఉండగా 'శివతాండవం' రచించిన నారాయణాచార్యుల పేరుకు ముందు నిలిచిన ఊరు ప్రొద్దుటూరు కాదు గదా. కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి కథకుడు కూడా కావడం వల్ల, ఈ ప్రాంతంలో పేరుకూ కథకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించడం కొంత సులువైంది.

కరీబియన్ దీవులకు తరలిన భారతీయులకు మొదట పోయింది ఈ ఇంటిపేరే. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కరవై, నిర్ణీత కాలం ఒకే తోటలో పనిచేస్తామని ముందే ఒప్పుకున్నవారిని ఓడల్లో తరలించే పద్ధతి వచ్చింది. దానినే ఒప్పంద కూలీ వ్యవస్థ అంటారు. 1845 మే 30న కలకత్తా నుంచి ఫతెల్ రజాక్ అనే ఓడ ట్రినిడాడ్ చేరింది మొదలు 1917 వరకు ఆ ఒక్క దీవికే లక్షా నలభై వేలకు పైగా జనం వెళ్లారు. వారిలో ఎక్కువమంది గంగా మైదానంవారు కాగా, మద్రాసు రేవులో ఎక్కినవారు తక్కువ. ఫ్రెంచి దీవులైన గ్వాడలూప్, మార్టినిక్‌లకు మాత్రం పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి దక్షిణాదివారు పెద్ద సంఖ్యలో వెళ్లారు. వలస పత్రంలో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాయడానికి గడులు ఉన్నాయి గాని ఇంటిపేరుకు ప్రత్యేకించి గడి లేదు. అందువల్ల రెండో తరానికి వచ్చేసరికి తండ్రి పేరే వంశనామంగా స్థిరపడింది, తెలుగూ తమిళమూ మాట్లాడేవారందరూ కలిసి 'మద్రాసీ'లనే ఒకే పేరు కింద చేరిపోయారు. మోజెస్ నాగమూటూ 2000లో ప్రచురించిన 'హెండ్రీస్ క్యూర్' గయానాలోని ఈ మద్రాసీల జీవితాన్ని చిత్రించిన రచన.

ఈ నేపథ్యంలో ట్రినిడాడ్‌లో పుట్టిన ఇద్దరు నవలాకారులు వేర్వేరు దారులు పట్టారు. వి.ఎస్. నైపాల్ తన తండ్రి జీవితం ఆధారంగా 1961లో వెలువరించిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్'లో కథానాయకుడు జీవితమంతా సొంత ఇంటికోసం పాకులాడతాడు. అక్కడ మూలం అంటే పోయినది, మళ్లీ కట్టుకోవలసినది. శామ్ సెల్వన్ తండ్రి మద్రాసు నుంచి వెళ్లినవాడు, తల్లి స్కాటిష్, భారతీయ రక్తాల కలయిక. ఆయన 1956లో రాసిన 'ది లోన్లీ లండనర్స్' మాత్రం లండన్ చేరిన కరీబియన్ నల్లజాతి కుర్రాళ్ల కథ. అందులో పాత్రల సంభాషణలే కాక కథనం మొత్తం ట్రినిడాడ్ వాడుక ఇంగ్లీషులో సాగుతుంది. సంభాషణకు మాండలికమూ, రచయిత గొంతుకు ప్రామాణిక భాషా అనే పంపకాన్ని ఆయన రద్దు చేయడంతో కథ చెప్పేవాడు పాత్రల సరసన కూర్చున్నాడు. మద్రాసు రక్తం గురించి ఒక్క పేజీ రాయకపోయినా సెల్వన్ ఈ పనితోనే తన మూలాన్ని స్థాపించుకున్నాడనడం సాహసం కాదు. ఈ విషయంలో నైపాల్ కన్నా ఆయనే ముందున్నాడు.

మార్టినిక్ రచయిత ఎదువార్ గ్లిస్సాఁ ఒంటరిగా లోతుకు దిగి చుట్టూ ఉన్నదాన్ని చంపే తల్లివేరుకూ, పక్కలకు పాకుతూ ఇతర వేళ్లను కలుసుకునే కొమ్ముకూ తేడా చూపి, దీవుల సంస్కృతి రెండోదని వాదించాడు. దువ్వూరు, మైదుకూరు పొలాల్లో పసుపు తవ్వినవారికి ఆ కొమ్ము ఎలా అల్లుకుంటుందో వివరించనక్కరలేదు. జమైకాలో పుట్టిన స్టువర్ట్ హాల్ 1990లో రాసిన వ్యాసంలో సాంస్కృతిక గుర్తింపు ఉన్నది మాత్రమే కాదు, అవుతూ ఉండేది కూడా అని ప్రతిపాదించాడు.

ఈ కొలతతో చూస్తే కడప కథాసాహిత్యం ఊళ్లో ఉండిపోయినవారిని గొప్పగా చిత్రించింది గాని, వెళ్లినవారి వెంట అంత దూరం నడవలేదు. కరువు, జప్తు, కక్షలు, ఎండిన చెరువు వంటివన్నీ విడిచి వెళ్లడానికి కారణాలుగా కథల్లో ఉన్నాయి, వెళ్లిన చోటు మాత్రం తరచుగా ఒక వాక్యంతో ముగుస్తుంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఇందుకు మినహాయింపు. కరువులో గొర్రెలను తోలుకొని నల్లమలకు పోయే కాపరుల తాత్కాలిక వలసను, హైదరాబాదులో ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడి కళ్లతో చూపడం వల్ల అందులో రెండు రకాల వలసలు ఒకదానికొకటి అద్దమయ్యాయి. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథ ఇంకా చిన్న చోటులో ఇంకా పెద్ద పని చేస్తుంది. శుక్రవారం నమాజుకు పొమ్మని కొడుకును ఎప్పుడూ పోరే తల్లి, 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత మసీదుకు పోవద్దని బతిమాలుతుంది. ఊరు నేర్పిన అలవాటే నగరంలో ప్రాణభయమైన ఆ క్షణంలో, మూలం అనేది పట్టుకోవలసినదో వదలవలసినదో ఆమెకే తెలియదు. అలాంటి కథ రాసిన రచయిత పేరుకు ముందు వేంపల్లె నిలిచి ఉండడాన్ని ఊరిమీది మమకారంగా మాత్రమే చదవడం చాలదు.

ఇక కువైట్ సంగతి. ఉమ్మడి కడప జిల్లా నుంచి అక్కడికి వెళ్లి ఇళ్లలో వంటకూ, పిల్లల పెంపకానికీ, కార్లు నడపడానికీ కుదిరినవారి అనుభవం తెలుగు కథలో ఎక్కువగా ఊళ్లో ఎదురుచూసేవారి వైపు నుంచే వచ్చింది. డబ్బు పంపడం, కొత్త మిద్దె, మోసపోయిన వీసా, శవపేటిక అనే నాలుగు మలుపులకు కథ అలవాటు పడిపోయింది. 'సంవేదన' పత్రికను నడిపిన రా.రా., అలవాటుపడిన కరుణను కథల్లో క్షమించే విమర్శకుడు కాదు. పరాయి ఇంటి వంటగదిలో పదేళ్లు పనిచేసిన పులివెందుల స్త్రీ తెలుగులో అరబ్బీ మాటలు ఎలా కుదురుకుంటాయో, ఆమె తిరిగొచ్చాక ఆ మాటలు ఎవరి ముందు వాడుతుందో, ఎవరి ముందు దాస్తుందో కథకు ఇంకా చేరలేదు. ఆ కథను శిష్టవ్యావహారికంలో వివరించి ఆమె మాటలను మాత్రం ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టే పద్ధతి సరిపోదు. జమ్మలమడుగు యాసలోనే మొదటి వాక్యం నుంచి నడిచే కువైట్ నవలను ఎవరైనా రాసిననాడు అది సెల్వన్ నవల పక్కన ఉంచి చదవదగినది అవుతుంది, అప్పుడు దానిని ప్రవాస సాహిత్యమనాలా సీమ సాహిత్యమనాలా అన్న వాదం విమర్శకులకు మిగులుతుంది.