పరుగెత్తే పిల్లలు – మనం చేయగల సాయం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో పెన్షను, కరువు భృతి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, ఈ మూడింటికే కాలం సరిపోతోంది. అవి అవసరమే, కాదనను. కాని నాకిచ్చిన ఈ పది నిమిషాలు వేరే విషయానికి వాడుకోనివ్వండి.

ఆదివారం తెల్లవారుజామున మన కాలనీ కుర్రాళ్లు, ఆడపిల్లలు గుంపుగా పరుగు తీస్తూ దారి పొడవునా చెత్త ఏరడం మీలో చాలామంది చూసే ఉంటారు. "ఇంత చదువు చదివి ఇదేం పని?" అన్నవారూ మనలో ఉన్నారు. ఆ మాట మీదే నాలుగు ముక్కలు చెబుతాను.

ఈ పద్ధతి 2016లో స్వీడన్ దేశంలోని స్టాక్‌హోంలో ఎరిక్ ఆల్‌స్ట్రోమ్ అనే ఆయన మొదలుపెట్టినది. వారి భాషలో 'ఏరడం', 'పరుగు' అనే రెండు మాటలు కలిపి ప్లాగింగ్ అన్నారు. మన దేశంలో 2019 అక్టోబరు 2న, గాంధీజీ 150వ జయంతి నాడు, అనేక ఊళ్లలో ఇటువంటి పరుగులు జరిగాయి. పరుగుకు తోడు వంగడం, లేవడం కూడా ఉండటంతో ఒంటికి మంచి వ్యాయామం.

లండన్‌లో పుట్టిన గుడ్‌జిమ్ అనే సంస్థ కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడి యువకులు పరుగెత్తుకుంటూ వెళ్లి తోటపనో, శుభ్రం చేసే పనో చేసి తిరిగి పరుగెత్తుకుంటూ వస్తారు. కొందరు ఒంటరిగా ఉండే వృద్ధుల ఇంటికి వెళ్లి కాసేపు కబుర్లు చెప్పి వస్తారు. ఆ వృద్ధుణ్ణి వారు 'కోచ్' అంటారు. ఆయన ఎదురుచూస్తున్నాడన్న తలంపే పిల్లవాణ్ణి మంచం మీద నుంచి లేపుతుంది కదా! సాయం పొందేవాడని కాక, శిక్షకుడని పిలవడంలో ఎంత మర్యాద ఉందో చూడండి.

ఇక మన సంగతి. మోకాళ్ల నొప్పులతో మనం పరుగెత్తలేం. కాని చెత్త ఏరడంతో పని సగమే అయినట్టు. ఏరిన సంచులు రోడ్డు పక్కన వదిలేస్తే మధ్యాహ్నానికల్లా కుక్కలు, పశువులు చిందరవందర చేస్తాయి. మిగతా సగం కూర్చుని చేసే పని. సీసాలు, అట్టలు పాత సామాన్లవాడు కొంటాడు. షాంపూ, గుట్కా పొట్లాలు కొనడు, పలు పొరలు అతికించినవి కనుక. వాటిని వేరే సంచిలో కట్టి మునిసిపాలిటీ బండికి అప్పగించాలి. తగలబెట్టకూడదు, ఆ పొగ మన ఊపిరితిత్తులకే చేటు. పగిలిన గాజు, సూదులు చేతితో ముట్టకుండా పట్టుకారుతో తీయాలి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

నేను ఆరోగ్య శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఇంకొక మాట. డెంగీ దోమ మురుగు కాలువలోకంటే కొబ్బరి చిప్పలో, పాత టైరులో, పారేసిన కప్పులో నిలిచిన నీటిలో ఎక్కువగా పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు చాలు. అందుకే ఏడాదికొకసారి ఫొటోల కోసం చేసే శుభ్రత వల్ల ప్రయోజనం లేదు. వారం వారం జరగాలి.

అన్నిటికంటే మనకు బాగా తెలిసిన విద్య ఒకటుంది. ఫైలు కదిలించడం! ఏ మలుపులో చెత్త మళ్లీ మళ్లీ చేరుతోందో పుస్తకంలో తేదీలతో రాసి, నాలుగు వారాల లెక్కతో అర్జీ పెడితే ఏ కార్యాలయమూ తేలిగ్గా తోసిపుచ్చలేదు. ఆ ఓపిక కుర్రాళ్లకు లేదు, మనకుంది.

"ఇదేం పని" అన్న మాటకు నా జవాబు ఇది. ఆ పని రోజూ మన కోసం చేస్తున్న పారిశుధ్య కార్మికులు ఉన్నారు. వారు చేస్తే తప్పు లేనిది, మన పిల్లలు చేస్తే తప్పెలా అవుతుంది? అలాగని వారి బాధ్యత మనం లాక్కోవడమూ కాదు. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేసి ఇస్తే వారి కష్టం సగం తగ్గుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే ఇది ఇంటివారి బాధ్యత అన్నాయి. అది మన గుమ్మం నుంచే మొదలుకావాలి.

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి ఆదివారం ఉదయం 7 గంటలకు మన సంఘ భవనం వరండా ఆ పిల్లలకు తెరిచి ఉంచుదాం. వంతుల వారీగా నలుగురం కూర్చుని, వారు తెచ్చినది వేరుచేసి, లెక్క రాద్దాం. చేతులు కడుక్కోవడానికి సబ్బు, తాగడానికి మజ్జిగ ఏర్పాటు చేద్దాం. పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంట్లో ఒక్కరే మిగిలిన సభ్యులు మనలో ఎందరో ఉన్నారు. వారం మొత్తంలో ఆ ఒక్క గంట ఎవరో వచ్చి "బాబాయిగారూ, ఇదెక్కడ వేయాలి?" అని అడిగితే, అది మందుల షాపులో దొరకని మందు.

ఈ ప్రతిపాదనను కార్యవర్గం పరిశీలించాలని కోరుతున్నాను.