ఒక ఆటగాడి పింఛను ఫైలు



అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని వెనక్కి అందించి, మీదపడే ప్రత్యర్థులను ఒంటితో అడ్డుకునే ఆటగాణ్ణి సెంటర్ అంటారు. మైక్ వెబ్‌స్టర్ 1974 నుంచి 1990 వరకు, 17 సీజన్లు అదే పని చేశారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుతో నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచారు. తలకు తగిలిన దెబ్బలతో మెదడు పాడైంది.

ఆయన అశక్తుడని పింఛను బోర్డు ఒప్పుకుంది. పేచీ తేదీ దగ్గర వచ్చింది. ఆట మానిన నాటినుంచే అశక్తుణ్ణని ఆయన, 1996 నుంచేనని బోర్డు. 2002లో, 50వ ఏట ఆయన కన్నుమూశారు. వారసులు ఫైలు మూయనివ్వలేదు. 2006లో పైకోర్టు వారి పక్షానే తీర్పు చెప్పింది. బకాయి పది లక్షల డాలర్లు దాటింది.

'ఏ తేదీ నుంచి' అన్న మాట విలువ గుమాస్తాలకు చెప్పాలా? వైద్యుల చీటీలు, ఉత్తర్వుల నకళ్ళు తేదీలతో భద్రపరచండి. అవెక్కడున్నాయో ఇంట్లోవారికి చెప్పండి. సెలవు.